కంప్యూటర్‌ని టీవీకి కలిపినప్పుడు బొమ్మ శుభ్రంగా రావాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్‌లో కత్తిరించినట్టు స్పష్టంగా ఉన్న అక్షరాలు టీవీ మీదకు వెళ్ళేసరికి మసకబారతాయి. డెస్క్‌టాప్ అంచులు తెగిపోతాయి. నలుపు బూడిదరంగుకి తిరుగుతుంది. వెంటనే కేబుల్‌నో టీవీనో తిట్టుకుంటాం గానీ, చాలాసార్లు పాపం వాటిదేమీ ఉండదు. కంప్యూటర్ పంపిన ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని అతిచిన్న చుక్క) టీవీ ప్యానెల్ మీద ఒక్కో పిక్సెల్‌గానే వెలగాలి. దారిలో ఎవరో ఒకరు వేలు పెట్టి దాన్ని సాగదీస్తారు, నొక్కుతారు, రంగు కలుపుతారు. ఆ వేలు ఎవరిదో పట్టుకోవడానికే ఈ జవాబులు. సెట్టింగ్స్ దారులన్నీ విండోస్ 10, 11 ప్రకారం ఇచ్చాం. మ్యాక్ సంగతి చివర్లో ఉంది.

బొమ్మ సరిగ్గా వస్తోందో లేదో ఎలా తేల్చుకోవాలి?

సినిమా పెట్టి చూడకండి. కదిలే బొమ్మలో చాలా లోపాలు దాక్కుంటాయి. అక్షరాలు పెట్టి చూడండి. నోట్‌ప్యాడ్ తెరిచి 12 సైజులో «దధ పఫ చఛ డఢ» అని కొట్టండి. ఈ జంటల్లో రెండో అక్షరానికి కిందున్న చిన్న గీతే తేడా. టీవీకి అడుగు దూరంలో నిలబడి చూస్తే ఆ గీత విడిగా, దాని చుట్టూ తెల్లని ఖాళీ శుభ్రంగా కనిపించాలి. గీత అక్షరంలో కలిసిపోతే బొమ్మని ఎక్కడో సాగదీస్తున్నారు. అక్షరం చుట్టూ తెల్లని నీడ లాంటి గీత ఉంటే టీవీలో షార్ప్‌నెస్ ఎక్కువైంది.

రెండో పరీక్షకి పెయింట్ తెరిచి, కాన్వాస్‌ని నీలంతో నింపి, దాని మీద ఎర్రరంగుతో సన్నగా ఏదైనా రాయండి. ఎరుపు నీలంలోకి చెదిరిపోతే రంగు సమాచారం సగానికో అంతకన్నా తక్కువకో తగ్గి వస్తోందని అర్థం. దాని విరుగుడు కింద ఉంది.

మూడోది టాస్క్‌బార్. నాలుగు అంచులూ, కుడి మూల గడియారం పూర్తిగా కనిపిస్తున్నాయా?

వీజీఏ కేబుల్‌తో కలపొచ్చా?

వేరే దారి లేకపోతే కలపండి. వీజీఏలో సిగ్నల్ అనలాగ్ పద్ధతిలో వెళ్తుంది. కంప్యూటర్ అంకెల్ని వోల్టేజీగా మారుస్తుంది, టీవీ మళ్ళీ ఆ వోల్టేజీని పిక్సెల్స్‌గా ఊహించుకుంటుంది. ఆ ఊహలో కొంత మసక తప్పదు. కలిపాక టీవీ మెనూలో «ఆటో అడ్జస్ట్» ఒకసారి నొక్కితే బొమ్మ గట్టిపడుతుంది. శబ్దం ఈ కేబుల్‌లో రాదు, 3.5 మి.మీ. ఆడియో కేబుల్ విడిగా పెట్టాలి.

పాత డెస్క్‌టాప్‌కి వీజీఏ మాత్రమే ఉండి, టీవీకి హెచ్‌డీఎంఐ మాత్రమే ఉంటే మధ్యలో కన్వర్టర్ కావాలి. రెండు చివర్లలో రెండు రకాల పిన్నులు మాత్రమే ఉండి లోపల ఏ సర్క్యూటూ లేని కేబుల్ కొంటే డబ్బు దండగ. ఒక డబ్బాలాంటిది, దానికి యూఎస్‌బీ పవర్ వైరు ఉన్నది తీసుకోండి. దిక్కు కూడా చూసుకోవాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్ళేది వేరు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి వెళ్ళేది వేరు. తిప్పి పెడితే పనిచేయదు.

హెచ్‌డీఎంఐ పెట్టినా మసకగానే ఉంది. ఎందుకు?

మొదటి అనుమానం విండోస్‌లోని «డూప్లికేట్» మోడ్ మీద పడాలి. ల్యాప్‌టాప్ తెర, టీవీ రెండూ ఒకే బొమ్మ చూపాలంటే రెండింటికీ కుదిరే రిజల్యూషన్‌ని (అడ్డంగా, నిలువుగా ఎన్ని పిక్సెల్స్ అనే లెక్కని) విండోస్ వెతుకుతుంది. మీ ల్యాప్‌టాప్ తెర 1366×768 అయితే 4కే టీవీకి కూడా ఆ పాటి బొమ్మే వెళ్ళవచ్చు. అంటే సుమారు పదిన్నర లక్షల పిక్సెల్స్‌ని 83 లక్షల పిక్సెల్స్ మీదకి సాగదీయడం. మసక రాక ఏం చేస్తుంది!

విండోస్ కీ, పీ కలిపి నొక్కి «సెకండ్ స్క్రీన్ ఓన్లీ» ఎంచుకోండి. రెండు తెరలూ కావాలంటే «ఎక్స్‌టెండ్». తర్వాత సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లేలోకి వెళ్ళి టీవీ బొమ్మని ఎంచుకుని రిజల్యూషన్‌లో «రికమెండెడ్» అని రాసి ఉన్నది పెట్టండి. ఫుల్ హెచ్‌డీ టీవీకి 1920×1080, 4కే టీవీకి 3840×2160.

అక్కడితో ఆగకండి. అదే పేజీలో కింద «అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే» ఉంటుంది. దానిలో రెండు వరుసలు చూడాలి: డెస్క్‌టాప్ ఏ సైజులో ఉంది, టీవీకి వెళ్తున్న అసలు సిగ్నల్ ఏ సైజులో ఉంది. మొదటిది 1920×1080, రెండోది 3840×2160 అని ఉంటే గ్రాఫిక్స్ కార్డే బొమ్మని సాగదీస్తోంది. రెండూ ఒకటయ్యేదాకా మార్చండి.

రికమెండెడ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. రిజల్యూషన్ తగ్గించుకోవచ్చా?

వద్దు. చాలామంది చేసే పొరపాటు ఇదే. రిజల్యూషన్ అలాగే ఉంచి దాని పైనున్న «స్కేల్» పెంచండి. 4కే టీవీని సోఫాలోంచి చూస్తే 200 నుంచి 300 శాతం దాకా పెట్టుకోవచ్చు. అక్షరం పెద్దదవుతుంది, గీతలు మాత్రం పూర్తి పిక్సెల్స్‌తోనే గీస్తారు. స్కేల్ మార్చాక కొన్ని పాత ప్రోగ్రాములు మసకగా కనిపిస్తే ఒకసారి సైన్ అవుట్ అయి మళ్ళీ లోపలికి వెళ్ళండి.

మాది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ. ఏం చేసినా అక్షరాలు శుభ్రంగా రావట్లేదు.

ఇక్కడ అసలు చిక్కు టీవీ పుట్టుకలోనే ఉంది. మన ఇళ్ళలో ఉండే 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీల ప్యానెల్ ఎక్కువగా 1366×768. కానీ హెచ్‌డీఎంఐ ద్వారా అవి కంప్యూటర్‌కి చెప్పుకునేది 1280×720, లేదా 1920×1080. ఈ పరిచయ వివరాల్ని ఈడీఐడీ అంటారు. కేబుల్ పెట్టగానే «నేను ఇవి చూపగలను» అని టీవీ ఇచ్చే జాబితా అది. ఆ జాబితాలో ప్యానెల్ అసలు సైజే లేదు! మీరు 1080 పంపితే కుదిస్తుంది, 720 పంపితే సాగదీస్తుంది. ఎటు తిరిగినా ఒక పిక్సెల్‌కి ఒక పిక్సెల్ కుదరదు.

అయినా రెండు పనులు చేయవచ్చు. «డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్»లో «లిస్ట్ ఆల్ మోడ్స్» నొక్కి 1360×768 గానీ 1366×768 గానీ ఉందేమో చూడండి. ఉంటే అదే పెట్టండి. చిత్రమేమిటంటే ఇలాంటి కొన్ని టీవీల్లో వీజీఏ పోర్టు 1360×768 ఒప్పుకుంటుంది. అక్కడ అక్షరాలు హెచ్‌డీఎంఐ కంటే వీజీఏలోనే బాగుంటాయి. రెండూ లేకపోతే సినిమాలకి 1080 పెట్టుకుని, స్కేల్ 150 శాతం చేసి సర్దుకోవడమే. కంప్యూటర్ పనికి కూడా వాడే ఉద్దేశంతో కొత్తగా కొంటుంటే, సైజు ఏదైనా సరే హెచ్‌డీ రెడీ జోలికి వెళ్ళకండి.

టాస్క్‌బార్ సగం తెగిపోయింది. అంచులు కనిపించట్లేదు.

దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. గాజుగొట్టం టీవీల కాలంలో అంచుల దగ్గర బొమ్మ వంకరపోయేది, అక్కడ ప్రసార గీతలు కనబడేవి. అందుకని టీవీలు బొమ్మని కొంచెం పెద్దది చేసి అంచుల్ని ఫ్రేము వెనక దాచేవి. గొట్టం పోయినా ఆ అలవాటు పోలేదు. ఒక్కో అంచులో 2.5 శాతం తెగితే 1920×1080లో మిగిలేది 1824×1026. దాన్ని మళ్ళీ 1920×1080కి సాగదీస్తారు. అంచు పోవడం పైకి కనిపించే నష్టం. కనబడని నష్టం ఏమిటంటే తెర మొత్తం మసకబారడం.

విరుగుడు టీవీలోనే చేయాలి. పేరు మాత్రం ఒక్కో కంపెనీ ఒక్కోటి పెట్టింది. శామ్‌సంగ్‌లో పిక్చర్ సైజ్ సెట్టింగ్స్‌లో «ఫిట్ టు స్క్రీన్», పాతవాటిలో «స్క్రీన్ ఫిట్». ఎల్‌జీలో యాస్పెక్ట్ రేషియో కింద «జస్ట్ స్కాన్». సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద «ఫుల్ పిక్సెల్». తక్కువ ధర ఆండ్రాయిడ్ టీవీల్లో యాస్పెక్ట్ అనే చోట «డాట్ బై డాట్», «పాయింట్ టు పాయింట్» లాంటి మాటలుంటాయి. రిమోట్‌లో జూమ్ బటన్ ఉంటే దాన్ని వరసగా నొక్కుతూ పోయినా ఆ మోడ్ తగులుతుంది. ఈ సెట్టింగ్ చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడివిడిగా ఉంటుంది. పోర్టు మారిస్తే మళ్ళీ పెట్టుకోవాలి.

గ్రాఫిక్స్ కార్డు సాఫ్ట్‌వేర్‌లో బొమ్మని కుదించి అంచులు లోపలికి తేవడం మరో దారి. టీవీలో ఆ సదుపాయం అసలే లేకపోతే తప్ప అది చేయకండి. ముందు మీరు కుదిస్తారు, తర్వాత టీవీ సాగదీస్తుంది. చిరిగిన చొక్కాకి అతుకు మీద అతుకు.

అంచులు తెగడం కాదు, బొమ్మ చుట్టూ నల్లని పట్టీ వస్తోంది.

ఏఎమ్‌డీ గ్రాఫిక్స్‌లో ఎక్కువగా ఇలా జరుగుతుంది. ఏఎమ్‌డీ సాఫ్ట్‌వేర్‌లో డిస్‌ప్లే పేజీలో «హెచ్‌డీఎంఐ స్కేలింగ్» జారుడు మీటను 0 శాతానికి తెండి.

రంగు అక్షరాలు చెదిరిపోతున్నాయి, నలుపు అక్షరాలు మాత్రం బాగున్నాయి. ఇదేం వింత?

వింతేమీ కాదు. మన కన్ను వెలుతురులో తేడాని పట్టినంత సన్నగా రంగులో తేడాని పట్టలేదు. అందుకే వీడియోలో వెలుతురు వివరాలు పూర్తిగా ఉంచి, రంగు వివరాలు తగ్గిస్తారు. 4:4:4 అంటే ప్రతి పిక్సెల్‌కీ తన రంగు ఉంటుంది. 4:2:2లో పక్కపక్క రెండు పిక్సెల్స్‌కి కలిపి ఒకే రంగు వివరం. 4:2:0లో నాలుగింటికి ఒకటే. సినిమాలో ఈ తేడా కనబడదు, అసలు డిస్కుల్లో, ఓటీటీలో ఉండేదే 4:2:0. కంప్యూటర్ అక్షరాల దగ్గరకొచ్చేసరికి నీలం మీద ఎరుపు, నలుపు మీద గులాబీ లాంటివి అల్లుకుపోతాయి.

రెండుచోట్ల సరిచేయాలి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో «ఛేంజ్ రిజల్యూషన్» పేజీకి వెళ్ళి, కింద ఎన్విడియా రంగు సెట్టింగ్స్ వాడమని చెప్పి, అవుట్‌పుట్ కలర్ ఫార్మాట్‌లో ఆర్‌జీబీ పెట్టండి, అందులో 4:4:4లాగే ప్రతి పిక్సెల్‌కీ తన రంగు ఉంటుంది. ఏఎమ్‌డీలో అదే పని «పిక్సెల్ ఫార్మాట్» చేస్తుంది.

కంప్యూటర్ 4:4:4 పంపినా కొన్ని టీవీలు లోపల తమ మెరుగులు దిద్దే పనికోసం దాన్ని 4:2:2 చేసేస్తాయి. వాటికి «ఇది కంప్యూటర్ బాబూ» అని చెప్పాలి. శామ్‌సంగ్, ఎల్‌జీల్లో ఇన్‌పుట్‌ల జాబితాలో ఆ పోర్టు పేరుని లేదా గుర్తుని «పీసీ»గా మారిస్తే చాలు. మెరుగులు దిద్దే అంగళ్ళన్నీ మూతపడి పిక్సెల్స్ నేరుగా వెళ్తాయి. సోనీలో పిక్చర్ మోడ్‌ని «గ్రాఫిక్స్» చేయండి. కంప్యూటర్ కోసం ఒక్క సెట్టింగే మార్చే ఓపిక ఉంటే, ఓవర్‌స్కాన్ తర్వాత మార్చాల్సింది ఇదే.

నలుపు బూడిదరంగులో కనిపిస్తోంది. లేదా చీకటి దృశ్యాల్లో జుట్టు, కోటు కలిసిపోయి నల్లటి ముద్దగా ఉంది.

రెండు జబ్బులకీ మూలం ఒకటే: లెక్కల తేడా. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. టీవీ ప్రసారాల లెక్కలో నలుపు 16, తెలుపు 235. మొదటిది ఫుల్, రెండోది లిమిటెడ్. కంప్యూటర్ లిమిటెడ్ పంపుతుంటే టీవీ ఫుల్ అనుకుంటే, 16ని నలుపుగా గాక ముదురు బూడిదగా చూపిస్తుంది. బొమ్మ వెలిసిన చీరలా ఉంటుంది. కంప్యూటర్ ఫుల్ పంపుతుంటే టీవీ లిమిటెడ్ అనుకుంటే, 16 లోపు ఉన్నదంతా నలుపే, 235 పైనున్నదంతా తెలుపే. చీకట్లో వివరాలు పోతాయి.

రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి, అంతే. ఎన్విడియాలో «అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్» ఫుల్ పెట్టండి. అక్కడ రిజల్యూషన్ జాబితా రెండు భాగాలుగా ఉంటుంది: పైన టీవీ సైజులు, కింద «పీసీ» సైజులు. పై భాగంలోంచి 1080పీ ఎంచుకుంటే డ్రైవర్ దాన్ని టీవీ సిగ్నల్‌గా భావించి లిమిటెడ్‌కి పోతుంటుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని «క్వాంటైజేషన్ రేంజ్» అంటారు.

టీవీ వైపు శామ్‌సంగ్‌లో «హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవల్»: నార్మల్ అంటే ఫుల్, లో అంటే లిమిటెడ్. ఎల్‌జీలో «బ్లాక్ లెవల్»: హై అంటే ఫుల్, లో అంటే లిమిటెడ్. సోనీలో హెచ్‌డీఎంఐ వీడియో రేంజ్ అని తిన్నగా ఫుల్, లిమిటెడ్ అనే ఉంటుంది. టీవీలో అసలు ఈ ఎంపికే లేకపోతే అది ఎక్కువగా లిమిటెడ్ ఆశిస్తుంది, కంప్యూటర్‌నే లిమిటెడ్‌కి మార్చండి. ఈ తేడాని బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ తిప్పి కప్పిపుచ్చే ప్రయత్నం చేయకండి. ఒక సినిమాకి కుదిరింది ఇంకోదానికి చెడుతుంది.

4కే టీవీ కొన్నాం. మౌస్ కదిలిస్తే తడబడుతోంది, 30 హెర్ట్జ్ కంటే ఎక్కువ రావట్లేదు.

సెకనుకి 60 సార్లు (అంటే 60 హెర్ట్జ్) 4కే బొమ్మ పంపాలంటే కేబుల్‌లో సెకనుకి 17.82 గిగాబిట్లు ప్రవహించాలి. హెచ్‌డీఎంఐ 1.4 దారి వెడల్పు 10.2 గిగాబిట్లు, అంటే 4కే అయితే 30 హెర్ట్జ్‌తోనే సరి. హెచ్‌డీఎంఐ 2.0 దారి 18 గిగాబిట్లు. 2.1 అయితే 48, అక్కడ 120 హెర్ట్జ్ కూడా నడుస్తుంది. కంప్యూటర్, కేబుల్, మధ్యలో కన్వర్టర్, టీవీ పోర్టు: ఈ నాలుగింటిలో ఏది ఇరుకైతే అదే మీ వేగం.

అన్నీ 2.0 అయినా 30 దగ్గరే ఆగితే టీవీ మెనూ చూడండి. పాత పెట్టెలతో తగవు రాకుండా చాలా టీవీలు పోర్టుని కావాలనే ఇరుకుగా ఉంచి అమ్ముతాయి. దాన్ని తెరవాలి. శామ్‌సంగ్‌లో «ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్», పాతవాటిలో «హెచ్‌డీఎంఐ యూహెచ్‌డీ కలర్». ఎల్‌జీలో «హెచ్‌డీఎంఐ డీప్ కలర్». సోనీలో హెచ్‌డీఎంఐ సిగ్నల్ ఫార్మాట్‌ని «ఎన్‌హాన్స్‌డ్» చేయాలి. ఇంకో సంగతి, అన్ని పోర్టులూ సమానం కావు. కొన్ని టీవీల్లో ఒకటో రెండో మాత్రమే పూర్తి వెడల్పువి. పోర్టు పక్కన చిన్న అక్షరాల్లో 4కే 60 అనో, 120 అనో రాసి ఉంటుంది. టార్చి వేసి చూడండి.

ఇవన్నీ అయ్యాక అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో రిఫ్రెష్ రేటుని 60కి మీరే మార్చాలి. దానంతటది మారకపోవచ్చు.

ఏ కేబుల్ కొనాలి? బంగారు పూత ఉన్నది బాగుంటుందా?

బంగారు పూత తుప్పు పట్టనివ్వదు, బొమ్మని అందంగా చేయదు. డిజిటల్ సిగ్నల్‌లో కేబుల్ పాడైతే బొమ్మ మసకబారదు, రంగు పలచబడదు. తెర మీద చుక్కలు మిణుకుమంటాయి, ఒకటి రెండు సెకన్లు నల్లబడి మళ్ళీ వస్తుంది, లేదా «నో సిగ్నల్» పడుతుంది. ఇవేవీ లేకుండా మసకగా మాత్రమే ఉంటే కేబుల్ మార్చి ప్రయోజనం లేదు.

4కే 60కి «ప్రీమియం హై స్పీడ్» అని, 120కి «అల్ట్రా హై స్పీడ్» అని ముద్ర ఉన్నది తీసుకోండి. అసలు ధ్రువీకరణ ఉన్న కేబుల్ పెట్టె మీద ఫోనుతో స్కాన్ చేసే లేబుల్ ఉంటుంది. «2.1 కేబుల్», «8కే» అని పెద్దక్షరాలతో రాసి ఉన్నంత మాత్రాన ధ్రువీకరణ ఉన్నట్టు కాదు కాబట్టి వాటికి విలువ ఇవ్వకండి.

పొడవు దగ్గర జాగ్రత్త. 1080కి మామూలు కేబుల్ 10 మీటర్ల దాకా నెట్టుకొస్తుంది. 4కే 60కి రాగి తీగ 5 మీటర్లు దాటితే నమ్మకం తగ్గుతుంది. అంతకు మించి కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేయించండి. దానికి దిక్కు ఉంటుంది, «సోర్స్» అని రాసిన కొస కంప్యూటర్ వైపే పెట్టాలి.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళకి ఒక మాట. గోడలో కరెంటు వైర్లకి వేసే 19 మి.మీ. పైపులో హెచ్‌డీఎంఐ ప్లగ్గు దూరదు. కనీసం 40 మి.మీ. పైపు, అదీ గట్టి మూలలు లేకుండా ఒంపుగా వేయించండి. కేబుల్‌ని సిమెంటులో పూడ్చేయకండి. రేపు మార్చాల్సి వస్తుంది.

ల్యాప్‌టాప్‌కి టైప్-సీ మాత్రమే ఉంది.

అన్ని టైప్-సీ పోర్టుల్లోంచీ వీడియో రాదు. పోర్టు పక్కన డీ ఆకారంలో డిస్‌ప్లే పోర్ట్ గుర్తు గానీ, పిడుగు గుర్తు గానీ ఉందేమో చూడండి. గుర్తు లేకపోయినా రావచ్చు, అప్పుడు మోడల్ వివరాల్లో వీడియో అవుట్‌పుట్ ఉందో లేదో వెతకాలి. కొనే అడాప్టర్ మీద «4కే 60 హెర్ట్జ్» అని స్పష్టంగా ఉండాలి. ఒట్టి «4కే» అని ఉంటే 30 అనే అనుకోండి. పెన్‌డ్రైవ్ పోర్టులు, కార్డ్ రీడర్ అన్నీ ఉన్న హబ్‌లలో వీడియోకి సగం తీగలే మిగులుతాయి కాబట్టి అక్కడ 30కి పడిపోవడం ఎక్కువ. టీవీ కోసమే అయితే ఒకే పని చేసే చిన్న అడాప్టర్ మేలు.

అంతా బాగుంది గానీ సినిమాలో కెమెరా పక్కకి తిరిగితే బొమ్మ గెంతుతోంది.

మన సినిమాలు సెకనుకి 24 ఫ్రేములు. టీవీ 60 సార్లు వెలుగుతోంది. 60ని 24తో భాగిస్తే రెండున్నర, సగం ఫ్రేము చూపడం కుదరదు. అందుకని ఒక ఫ్రేముని 3 సార్లు, తర్వాతి దాన్ని 2 సార్లు చూపిస్తారు. ఒకటి 50 మిల్లీ సెకన్లు, ఇంకోటి 33. ఆ కుంటినడకే మీకు కనిపించేది. సినిమా చూసేటప్పుడు రిఫ్రెష్ రేటుని 24 చేయండి. జాబితాలో 23.976 కూడా ఉంటే, ఫైల్ వివరాలు చూసి దానికి సరిపడేది పెట్టండి. కంప్యూటర్ నుంచి టీవీకి 120 హెర్ట్జే వెళ్తుంటే ఏమీ మార్చనక్కర్లేదు, ఒక్కో ఫ్రేముకి సరిగ్గా 5 సార్లు కుదురుతుంది. మన టీవీ ప్రసారాల నుంచి వచ్చిన వీడియోలు 25 లేదా 50 ఫ్రేములు, వాటికి 50 హెర్ట్జ్ పెట్టాలి. సినిమా అయ్యాక మళ్ళీ 60కి తెచ్చుకోండి, లేకపోతే మౌస్ నత్తలా నడుస్తుంది.

హెచ్‌డీఆర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ పాలిపోయింది.

హెచ్‌డీఆర్ అంటే వెలుగు, చీకటి తేడాల్ని మామూలుకంటే ఎక్కువగా చూపే పద్ధతి. మామూలు (ఎస్‌డీఆర్) బొమ్మని హెచ్‌డీఆర్ పెట్టెలో కుదిర్చేటప్పుడు విండోస్ దాని వెలుతురుని తగ్గించి పెడుతుంది. హెచ్‌డీఆర్ పేజీలో «ఎస్‌డీఆర్ కంటెంట్ బ్రైట్‌నెస్» మీటని పెంచితే కొంత కుదురుతుంది. మా సలహా అయితే హెచ్‌డీఆర్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉంచి, హెచ్‌డీఆర్ సినిమా లేదా గేమ్ పెట్టినప్పుడు మాత్రం విండోస్ కీ, ఆల్ట్, బీ కలిపి నొక్కి ఆన్ చేసుకోండి. తక్కువ ధర టీవీలు చాలా వరకు హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటాయి గానీ చూపించేంత వెలుతురు వాటి ప్యానెల్‌కి ఉండదు. వాటిలో ఆఫ్ చేసి చూస్తేనే బొమ్మ బాగుండటం మామూలే.

యూట్యూబ్‌లో మసకగా వస్తోంది, లేదా 4కే పెడితే ఆగి ఆగి నడుస్తోంది.

వీడియో మీద కుడి క్లిక్ చేసి «స్టాట్స్ ఫర్ నర్డ్స్» తెరవండి. ఏ రిజల్యూషన్ వస్తోందో, ఎన్ని ఫ్రేములు వదిలేస్తోందో కనిపిస్తుంది. రిజల్యూషన్ తక్కువుంటే గేర్ గుర్తు నొక్కి మీరే పెంచండి. ఫుల్ హెచ్‌డీ టీవీ అయినా 1440 లేదా 4కే ఎంచుకుంటే బొమ్మ మెరుగ్గా ఉంటుంది, ఎందుకంటే దానికి యూట్యూబ్ ఇచ్చే డేటా ఎక్కువ.

వదిలేసిన ఫ్రేముల అంకె పెరుగుతూ పోతుంటే దోషం నెట్‌ది కాదు, ప్రాసెసర్‌ది. యూట్యూబ్ 4కే వీడియోలు వీపీ9, ఏవీ1 అనే రకాల్లో ఉంటాయి. వాటిని విప్పే ప్రత్యేక భాగం చిప్‌లో లేకపోతే మొత్తం భారం ప్రాసెసర్ మీద పడుతుంది. ఇంటెల్‌లో ఏవీ1కి 11వ తరం నుంచి, వీపీ9కి 7వ తరం నుంచి ఆ భాగం ఉంది. పాత ల్యాప్‌టాప్ అయితే 1080తో సరిపెట్టుకోండి. బ్రౌజర్‌లో హార్డ్‌వేర్ యాక్సెలరేషన్ ఆఫ్‌లో ఉందేమో కూడా చూడండి.

ఓటీటీలో శబ్దం వస్తోంది, బొమ్మ నల్లగా ఉంది.

దీనికి కారణం కాపీ రక్షణ. కంప్యూటర్ నుంచి టీవీ దాకా దారి మొత్తం హెచ్‌డీసీపీ అనే ఆ రక్షణ పద్ధతిని ఒప్పుకోవాలి, 4కే అయితే 2.2 రకం. మధ్యలో వీజీఏ కన్వర్టరో, పాత స్ప్లిటరో ఉంటే అక్కడ ఆగిపోతుంది. బొమ్మ వచ్చినా బ్రౌజర్‌ని బట్టి నాణ్యత తగ్గించి ఇచ్చే సంస్థలున్నాయి. టీవీలోనే ఆ యాప్ ఉంటే హాయిగా దానిలో చూడండి. ఈ ఒక్క విషయంలో కంప్యూటర్ పట్టుదల అనవసరం.

టీవీలో ఏ పిక్చర్ మోడ్ పెట్టాలి?

షాపులో దీపాల మధ్య మెరవడానికి పెట్టిన «వివిడ్»ని ముందు తీసేయండి. సినిమాకి సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్, కలర్ టెంపరేచర్ వార్మ్. మొదటి రోజు పసుపుగా అనిపిస్తుంది, రెండు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది. షార్ప్‌నెస్ శామ్‌సంగ్‌లో 0కి దగ్గరగా, సోనీలో 50 దగ్గర ఉంచితే టీవీ అదనపు గీతలు గీయదు. మిగతావాటిలో మొదట్లో చెప్పిన నోట్‌ప్యాడ్ తెరిచి, అక్షరం చుట్టూ తెల్లని నీడ పోయేదాకా తగ్గించండి. ఎనర్జీ సేవింగ్ ఆన్‌లో ఉంటే గది వెలుతురుని బట్టి బొమ్మ దానంతటదే మందగిస్తుంటుంది. కదలికని నునుపు చేసే ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటి పేర్లున్నవి ఆఫ్ చేస్తే సినిమా సీరియల్‌లా కనిపించడం ఆగుతుంది.

మౌస్, గేమ్ ఆలస్యంగా స్పందిస్తున్నాయి.

గేమ్ మోడ్ గానీ పీసీ మోడ్ గానీ పెట్టండి. టీవీ బొమ్మకి మెరుగులు దిద్దే సమయమే ఆ ఆలస్యం.

వైర్ లేకుండా పంపితే నాణ్యత తగ్గుతుందా?

తగ్గుతుంది. విండోస్ కీ, కె నొక్కి తెరని పంపినప్పుడు కంప్యూటర్ ప్రతి ఫ్రేముని కుదించి వీడియోగా మార్చి వైఫైలో విసురుతుంది. అక్షరాల చుట్టూ దుమ్ములా చుక్కలు, కొంత ఆలస్యం తప్పవు. 5 గిగాహెర్ట్జ్ వైఫైలో కాస్త నయం. యూట్యూబ్‌లో ఉండే కాస్ట్ గుర్తు వేరు. అది నొక్కితే టీవీయే నెట్ నుంచి వీడియో తెచ్చుకుంటుంది, అక్కడ నష్టం లేదు.

బొమ్మ వచ్చింది, శబ్దం ల్యాప్‌టాప్‌లోనే వస్తోంది.

టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి, అక్కడ వాల్యూమ్ మీట దగ్గరున్న బాణం నొక్కి టీవీ పేరు ఎంచుకోండి.

మ్యాక్‌కి ఏం మారుతుంది?

సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ తెరిచి టీవీని ఎంచుకోండి. అన్ని రిజల్యూషన్లూ చూపే ఎంపిక అక్కడే ఉంటుంది, పాత మ్యాక్‌లలో అయితే ఆప్షన్ కీ నొక్కి ఉంచి «స్కేల్డ్» నొక్కాలి. «అండర్‌స్కాన్» మీట కనిపిస్తే దాన్ని ముట్టుకోకుండా ఓవర్‌స్కాన్‌ని టీవీలోనే తీసేయండి. హెచ్‌డీఆర్, రిఫ్రెష్ రేటు కూడా ఆ పేజీలోనే.

కేబుల్ పెడుతుంటే చేతికి జివ్వుమంటోంది. ప్రమాదమా?

రెండు పిన్నుల ప్లగ్గులతో నడిచే ఛార్జర్లు, టీవీల లోహపు భాగాల మీద కొద్దిపాటి లీకేజీ కరెంటు ఉంటుంది. జివ్వుమనేది ఎక్కువగా అదే. మనిషికి సాధారణంగా హాని లేదు గానీ, ఒకవైపు ఎర్త్ ఉండి ఇంకోవైపు లేకుండా హెచ్‌డీఎంఐ తగిలించేటప్పుడు ఆ తేడా పోర్టు గుండా పారి చిప్‌ని కాల్చేయగలదు. ల్యాప్‌టాప్‌కి మూడు పిన్నుల ఛార్జర్ వాడండి, టీవీ, కంప్యూటర్ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకునేలా పెట్టండి, రెండింటి స్విచ్‌లూ ఆపి కేబుల్ తగిలించి తర్వాత వేయండి. జివ్వుమనడం కాక గట్టిగా షాక్ కొడితే ఏదీ తగిలించకుండా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఇంటి ఎర్తింగ్ చూపించండి. ఉరుములు మొదలుకాకముందే డిష్ వైరుని, హెచ్‌డీఎంఐని రెండింటినీ టీవీ నుంచి ఊడదీయండి. మేడ మీద డిష్ నుంచి వచ్చిన పోటు సెట్‌టాప్ బాక్స్ మీదుగా టీవీలోకి, అక్కడి నుంచి హెచ్‌డీఎంఐలో ల్యాప్‌టాప్ దాకా పాకగలదు.